పందొమ్మిది గంటలు

కిసుమూ ఆసుపత్రిలో, ఓపీ వరండా చివర,
పాత ఎక్స్‌రే గదిలో నా బల్ల.
వచ్చినవాళ్లు కుర్చీలో సర్దుకోకముందే
నేనడిగే ప్రశ్న ఒకటే:
రాత్రి ఎన్నిసార్లు వెళ్లారు?
నెత్తురుందా, ఉత్త జిగటేనా?

పెద్దమనుషులు చూపుని కిటికీలోంచి
సరస్సు మీదికి పారేస్తారు.
బోడా బండి నడిపే ఓగ్వెనో మాత్రం
రెండు చేతుల వేళ్లూ చూపించి
మళ్లీ ఒక చేతివి చూపించాడు.
హెల్మెట్ తియ్యలేదు.

బీరువా నిండా ఒకే రకం సీసాలు, మూత మీద అంకె.
లోపల ఈ మందో, ఆ మందో.
మూడు రోజులు, రెండేసి పూటలు, ఆరు మాత్రలు.
ఒకటి పాతది, మా ఊరి పేగులకి చుట్టరికం కలిసినది.
ఇంకోటి కొత్తది, మూడింతలు ఖరీదు,
రోజుకొక్కటి చాలు దానికి.
అందుకని సాయంత్రం పూటకి ఉత్తుత్తి మాత్ర చేర్చారు,
అదే రంగు, అదే చేదు,
ఎవరూ పోల్చుకోకుండా.
ఏది ఎవరికి పడిందో నాకు తెలీదు,
డాక్టర్ మురుంగికి తెలీదు.
నైరోబీలో తాళం వేసిన ఒక సొరుగుకి తెలుసు.

"ఇందులో మంచిదేది?"
ఒమెనా చేపలు ఎండబెట్టి అమ్మే డోర్కాస్ అపొండి
సీసాని చెవి దగ్గర ఆడిస్తూ అడిగింది.
"అది తెలుసుకోడానికేనమ్మా."
"అయితే వైద్యం నేను మీకు చేస్తున్నానన్నమాట."

గోడకవతల వెసొంగా
గాజుపళ్లేల్లో సూక్ష్మజీవుల్ని సాకుతుంటాడు.
మందు బిళ్ల చుట్టూ అవి మొలవని ఖాళీ వలయం
ఎంత వెడల్పుంటే అంత నమ్మకం.
పాతమందు వలయం ఏటేటా చిక్కిపోతోందని
వేలి ఉంగరం తీసి బల్ల మీద పెట్టాడు:
"ఇక ఇంతే మిగిలింది."

నాలుగోనాడు సీసాలు వెనక్కొస్తాయి.
మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం నా పని.
అపొండి సీసా ఖాళీ, కడిగి తుడిచినంత ఖాళీ.
అలాంటి ఖాళీని నేను నమ్మను.
పెన్ను కింద పెట్టాను.

చాలాసేపటికి చెప్పింది:
పొద్దుటివి మూడూ తనకి,
సాయంత్రానివి మూడూ పక్కింటి అకెయోకి.
"దానికీ నెత్తురే. మీ కాగితం పద్దెనిమిదేళ్లు నిండాలంది.
దానికి ఆరు."

ఆ పూటే ఓగ్వెనో బండి మీద పిల్లని తెప్పించాను.
కళ్లు లోతుకి పోయి, నాలుక పిడచకట్టి,
పిల్లల వార్డులో రెండు రాత్రులు సెలైన్.
బతికింది.
ఫారంలో "నియమం తప్పింది" దగ్గర టిక్కు పెట్టాను.
ఎవరు తప్పారో రాయడానికి గడి లేదు.

పద్నాలుగు నెలలకి సొరుగు తెరిచారు.
కొత్తమందు వేసుకున్నవాళ్లకి సగటున
పందొమ్మిది గంటలు ముందుగా కట్టింది.
ఫోన్లో లెక్కల మనిషి గొంతు:
"తేడా ఉంది. కానీ ఆ ఖరీదుకి తగినంతా?"
మురుంగి గోడ గడియారం వైపు చూశాడు.
నేను ఓగ్వెనో బండి అద్దె లెక్కేశాను.
తెల్లారుజామున పడవలు ఒడ్డుకొచ్చే వేళ
అక్కడ ఉన్నవాళ్లకే చేపలు,
పందొమ్మిది గంటల్లో ఆ వేళ ఒక్కటుంటే చాలు.

అందరూ సగటు చూస్తుంటే
నా వేలు రెండొందల పద్నాలుగు కోసం జారింది.
కొత్తమందు.
అంటే పొద్దుటివి మందు,
సాయంత్రానివి పిండి.
మూడు సాయంత్రాలు ఆ పిల్ల
చేదుకి మొహం వికారంగా పెట్టి
పిండి మింగింది.

శనివారం సంతలో అపొండి నన్ను కేకేసి పిలిచింది.
అకెయో బుట్ట పక్కన ఈగలు తోలుతోంది, ఒళ్లు చేసింది.
"నా మందే దీన్ని నిలబెట్టింది," అంటోంది ఎవరితోనో,
"డాక్టర్లొచ్చేదాకా."

చెప్పాలనే నోరు తెరిచాను.
ఈలోగా డబ్బాతో కొలిచి పోసి,
పైన ఇంకో గుప్పెడు వేసింది.
ఎన్ని చేపలో
నేను లెక్కపెట్టలేదు.